గరీబ్‌పూర్ పీటీ-76 డయోరమా: ముందు నేల తేల్చుకోండి, ట్యాంకు సంగతి తర్వాత

బరంపురం నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ట్రంపెటర్ కంపెనీ 1/35 కొలత (అసలులో 35వ వంతు) పీటీ-76 ట్యాంకు బొమ్మ కిట్ మీ దగ్గరుంది. 1971 గరీబ్‌పూర్ (నేటి బంగ్లాదేశ్‌లో ఉంది) పోరును డయోరమాగా, అంటే నేలతో సహా ఒక చిన్న దృశ్యంగా చేయాలనుకుంటున్నారు: నీళ్లు నిండిన పచ్చటి వరి మడి, అందులో మన పీటీ-76, ఎదురుగా మండుతున్న పాకిస్తాన్ చాఫీ ట్యాంకు. పోయిన వానాకాలం చేసిన ప్రయత్నంలో మట్టి నెర్రెలిచ్చింది, ట్యాంకు రంగు మీద తెల్లటి పొర కమ్మింది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, నేలకు కావలసినవి మన వైపు దొరికేవాటితో సరిపోతాయా అని అడిగారు.

సరిపోతాయి. ఇక సూటిగా చెప్తాను. చాఫీని తీసేయండి. 30×25 సెం.మీ. దిమ్మ మీద ఒక్క పీటీ-76, ఇద్దరు సైనికులు చాలు. మడి పచ్చగా కాదు, పండి పసుపు తిరిగి ఉండాలి. నీళ్లు గట్టు పక్క కాలువలో కాసిని ఉంటే చాలు. నేల పూర్తిగా ఆరాకే ట్యాంకు దాని మీదకు రావాలి. చివరి బురద మాత్రం నేలకూ ట్యాంకుకూ ఒకే గిన్నెలోంచి, ఒకే పూట పడాలి. రంగు పిచికారీ, రెజిన్ (నీళ్లలా కనిపించేందుకు పోసే, గట్టిపడే పారదర్శక ద్రవం) పోత ఈ రెండూ ముసురు పట్టిన రోజున ముట్టుకోవద్దు.

చాఫీ ఎందుకు వద్దంటే కొలత ఒప్పుకోదు. 1971 నవంబరు 20 రాత్రి మన 14 పంజాబ్ పదాతిదళం, 45 కావల్రీ ట్యాంకు దళపు పీటీ-76 స్క్వాడ్రన్‌తో కలిసి జెస్సోర్ వైపు సరిహద్దు దాటి గరీబ్‌పూర్ చేరాయి. 21 తెల్లవారుజామున దట్టమైన పొగమంచులో చాఫీలు ఎదురుదాడికి వచ్చాయి. మంచు వల్ల ట్యాంకులు బాగా దగ్గరకు వచ్చాకే కనిపించాయనుకుందాం. దూరం 50 మీటర్లే అనుకున్నా 1/35లో అది 1 మీటరు 43 సెం.మీ. అవుతుంది. మీ దిమ్మ మీద రెండు ట్యాంకుల మధ్య 20 సెం.మీ. వదిలితే అసలు లెక్కలో అవి 7 మీటర్ల దూరంలో నిలబడ్డట్టు. చూసేవాడు కొలత వేయకపోయినా ఎక్కడో తేడా ఉందని కన్ను పట్టేస్తుంది. శత్రువును దిమ్మ బయట ఉంచండి. టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పై భాగం) ఒక వైపు తిరిగి ఉండి, గట్టు చాటున పడుకున్న సైనికుడు కూడా అటే చూస్తుంటే అటేదో ఉందని చూసేవాడికి తెలిసిపోతుంది.

పచ్చటి మడి వద్దనడానికి కారణం నెల. నవంబరు మూడో వారానికి ఆ ప్రాంతంలో అమన్ వరి (అక్కడి వానాకాలపు పంట) పండి కోతకు వస్తుంది. మన గంజాం, గజపతి వైపు సార్వా వరి కూడా దాదాపు అప్పుడే పండుతుంది, కాబట్టి నమూనా మీ ఊరి బయటే ఉంది. ఆ రోజుల్లో ఉదయం ఆరింటికి పొలానికి వెళ్లి నేల ఎత్తులో ఫోను పెట్టి ఫొటోలు తీయండి. గట్టు మీద గడ్డి ఇంకా ఆకుపచ్చగానే ఉంటుంది, వరి ఆకు కొస ఎండి అడుగున పచ్చదనం మిగిలి ఉంటుంది, కోసిన చోట కొయ్యకాళ్ల మొదట్లో చెమ్మ ఉంటుంది. ఈ మూడు రంగుల తేడా ఫొటోలో చూసుకుంటే సగం పని తేలిపోతుంది.

అయితే మన మట్టి రంగు మాత్రం తెచ్చుకోవద్దు. రాయగడ, గుణుపురం, కొరాపుట్ వైపు ఎర్రమట్టి. జెస్సోర్‌ది గంగా మైదానపు ఒండ్రు, బూడిద కలిసిన గోధుమ రంగు. ఇక్కడి మట్టిని అలాగే వాడితే అది కొండవాలులా కనిపిస్తుంది, బెంగాల్ మైదానంలా కాదు. మట్టిని ముద్ద మందం కోసమే వాడుకోండి, రంగు పైన వేసుకోండి. నది ఇసుక వాడేవాళ్లు ఒకసారి ఎండలో పట్టి చూడాలి. అభ్రకం రేణువులుంటే 1/35లో ఒక్కో మెరుపు పగిలిన అద్దం ముక్కంత కనిపిస్తుంది. అలాంటి ఇసుక అడుగు పొరకే పనికొస్తుంది.

ఇక దిమ్మ. 12 మి.మీ. ప్లైవుడ్ మంచిది. ఎమ్‌డీఎఫ్ అయితే పైనా కిందా, నాలుగు అంచులూ కలిపి రెండు పూతలు వార్నిష్ పట్టించాలి. ఒక్క పై వైపే పూస్తే ఆ వైపు చెమ్మ పీల్చదు, కింది వైపు పీల్చి ఉబ్బుతుంది, నెల తిరిగేసరికి దిమ్మ వంగుతుంది. దాని మీద గట్టి థర్మకోల్ 20 మి.మీ. ఫెవికాల్‌తో అంటించండి. రబ్బరు జిగురులు, స్ప్రే డబ్బాలు థర్మకోల్‌ను తినేస్తాయి. ట్యాంకును దిమ్మ అంచుకు సమాంతరంగా పెట్టకండి, 15 నుంచి 20 డిగ్రీలు వాలుగా పెట్టండి. గట్టు అసలు ఎత్తు ఒక అడుగు అనుకుంటే ఇక్కడ 8 నుంచి 9 మి.మీ. అంతకు మించి లేపితే అది చెరువు గట్టయిపోతుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు.

ఇప్పుడు మట్టి, మీకు నెర్రెలిచ్చిన భాగం. జిగటమట్టి నీళ్లు పోయేకొద్దీ కుంచించుకుపోతుంది, ఇసుక కుంచించుకుపోదు. మట్టి ఎక్కువై, పొర మందమై, పైగా ఫ్యాను కింద పెట్టి త్వరగా ఆరబెడితే పై పొర ముందు బిగుస్తుంది. లోపలి తడి తర్వాత ఆరుతూ దాన్ని లాగి చీల్చేస్తుంది. నేను వాడే పాళ్లు ఇవి, కొలత ఏదైనా ఒకే చెంచాతో:

మెత్తగా జల్లించిన మట్టి 3, సన్న ఇసుక 2, వాల్ పుట్టీ 2, ఫెవికాల్ 1, నీళ్లు 1, అర సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించిన గోనె పీచు చిటికెడు, గిన్నెలు కడిగే సబ్బు ద్రవం రెండు చుక్కలు. నీళ్లలో అర చెంచా బోరిక్ పౌడర్ కరిగించండి, మందుల షాపులో దొరుకుతుంది. మన తేమకు ఫెవికాల్, గోనె పీచు రెండూ బూజు పట్టే సరుకే. మట్టిని ముందు పాత నూలు చీర ముక్కలో జల్లించి, అట్లపెనం మీద సన్న సెగన 20 నిమిషాలు వేయించాలి. లేకపోతే నెల తర్వాత మడిలో నిజంగానే మొలకలొస్తాయి, పురుగూ వస్తుంది. ముద్ద గారెల పిండి పాటి గట్టిగా ఉండాలి.

ఒక పూతకు 3 మి.మీ. దాటనివ్వకండి. ఇంకా మందం కావాలంటే థర్మకోల్‌తోనే ఎత్తు తెచ్చుకుని పైన మాత్రం ఈ పూత. మొదటి రోజు ఫ్యాను వద్దు, పైన బోర్లించిన అట్టపెట్టె కప్పి నెమ్మదిగా ఆరనివ్వండి. అసలు దిమ్మ మీద వేసే ముందు 5×5 సెం.మీ. అట్టముక్క మీద వేసి ఒక రోజు చూడండి. అందులో వెంట్రుక వాసి నెర్రె కనిపించినా ఇసుక ఇంకో అర పాలు పెంచండి.

చైను అచ్చులు ముద్ద సగం ఆరినప్పుడే పడాలి. వేలితో నొక్కితే ముద్ర పడి, వేలికి మట్టి అంటని దశ అది. కిట్‌లోని చైన్లలో మిగిలే లింకులు ఏడెనిమిది కలిపి, నీళ్లలో ముంచి, వరసగా నొక్కుతూ పోండి. లోతు దగ్గర ఆగి ఆలోచించాలి. పీటీ-76 నీటిలో ఈదే బండి, బరువు దాదాపు 14 టన్నులే. 36 టన్నుల టీ-55కు పెట్టినట్టు లోతైన గాడులు దీనికి పెడితే అబద్ధం. చెమ్మ నేలలో 1 నుంచి ఒకటిన్నర మి.మీ. చాలు, కాలువ దాటిన చోట 3 మి.మీ. వరకు పోవచ్చు. బండి తిరిగిన చోట బయటి వైపు మట్టి ఒత్తిగిలి చిన్న కట్టలా లేవాలి. రెండు గాడుల మధ్య దూరం ట్యాంకును పక్కన పెట్టి కొలుచుకునే గీయండి, కంటి అంచనాకు వదలొద్దు.

వరి విషయంలో ఓపిక కావాలి, ఈ డయోరమాకు ప్రాణం అదే. నాటు వరిలో దుబ్బుకూ దుబ్బుకూ సుమారు 20 సెం.మీ. ఎడం, అంటే ఇక్కడ 6 మి.మీ. కంటే కాస్త తక్కువ. 10×10 సెం.మీ. మడికే 280 దుబ్బులకు పైగా పడతాయి. అందుకే మడి మొత్తం నిలిచిన పైరు పెట్టొద్దు. దిమ్మలో మూడో వంతు నిలిచిన వరి, మిగతాది కోసిన కొయ్యకాళ్లు, చైన్లు నలిపిన దారి. పాత రకాల వరి 1 మీటరు పైనే పెరిగేది, కాబట్టి నిలిచిన పైరు 30 మి.మీ. కొయ్యకాలు 6 నుంచి 7 మి.మీ.

ఆకులకు గోనెసంచి పీచు విప్పి, దువ్వి, 35 మి.మీ. ముక్కలుగా కోయండి. వెన్నులకు మన కొండచీపురుకు మించింది లేదు. రాయగడ, కొరాపుట్ సంతల్లో దొరికే కొత్త చీపురు కొసల్లో సన్నటి పూత ఉంటుంది. దాన్ని 8 మి.మీ. పొడవున తుంచి పట్టకారుతో దుబ్బు నడుమ గుచ్చితే వంగిన వరి వెన్నులాగే ఉంటుంది. ఒక దుబ్బుకు ఆరేడు పీచు పోగులు, మూడు వెన్నులు. మొదలు ఫెవికాల్‌లో ముంచి, సూదితో పొడిచిన కన్నంలో నిలబెట్టండి. వరసలు అచ్చంగా తిన్నగా రాకూడదు, చేత్తో నాటిన వరస కాస్త అటూ ఇటూ పోతుంది. నలిగిన దుబ్బులన్నీ బండి వెళ్లిన దిక్కుకే వాలాలి. నాలుగు దుబ్బులు ఎదురు తిరిగినా బండి ముందుకెళ్లిందో వెనక్కొచ్చిందో అర్థం కాదు.

గడ్డీ గాదం సహజ రంగులోనే బాగుందని వదిలేయకండి. ఎండు గడ్డి ఏడాదిలో వెలిసిపోతుంది, చీపురు పూత రాలిపోతుంది. పలచటి అక్రిలిక్ రంగు పట్టిస్తే రంగూ నిలుస్తుంది, పోగూ బిగుస్తుంది. టామియా కంపెనీ రంగుల్లో ఎక్స్ఎఫ్-60 డార్క్ యెల్లో, ఎక్స్ఎఫ్-57 బఫ్ చెరి సగం, దుబ్బు అడుగున ఎక్స్ఎఫ్-58 ఆలివ్ గ్రీన్ కొంచెం. నేలకు టామియా ఖర్చు అక్కర్లేదు. క్యామెల్ అక్రిలిక్ రా అంబర్ (ముదురు గోధుమ రంగు) 4 పాళ్లు, తెలుపు 2, నలుపు అర పాలు కలిపితే ఒండ్రు రంగు వస్తుంది. ఆరాక రెట్టింపు తెలుపు కలిపిన అదే రంగుతో, దాదాపు పొడి కుంచెతో గడ్డల నెత్తిన తాటించండి. చెమ్మ ఉన్న చోట ఈ తెలుపు వద్దు.

ట్యాంకు కట్టడం గురించి ఎక్కువ చెప్పను, కిట్ సూచనలు బాగానే ఉంటాయి. మూడు విషయాలు మాత్రం చూడండి. ఫిరంగి గొట్టం చివర మజిల్ బ్రేక్‌లో (కొసన తొడిగినట్టుండే కన్నాల భాగంలో) తేడా ఉంది: 1951 నాటి మోడల్‌కు సన్నటి చీలికలు వరసగా ఉంటాయి, తర్వాతివాటికి రెండు పెద్ద గదుల బ్రేక్, గొట్టం మీద ఉబ్బెత్తు భాగం ఉంటాయి. మీరు పెట్టుకున్న ఫొటోలోని బండికి ఏది ఉందో చూసి ఎంచుకోండి. రెండోది, పీటీ-76కు చైను పై వరసను మోసే చిన్న చక్రాలు (రిటర్న్ రోలర్లు) లేవు, ఆ వరస కింది పెద్ద చక్రాల మీదే వాలుతుంది. దాన్ని బిగుతుగా లాగితే బొమ్మబండిలా ఉంటుంది, చక్రాల మీద వాలేట్టు అంటించండి. మూడోది, లోపల 100 గ్రాముల ఇనుప నట్లు ఫెవిక్విక్‌తో కాక ఆరల్డైట్‌తో అంటించి బరువు పెట్టండి. ఫెవిక్విక్ ఆవిరి లోపల తెల్లటి పొర పరుస్తుంది.

రంగు మీద తెల్లపొర గురించి. ఇందులో రెండు రకాలు, ముందు మీది ఏదో తేల్చుకోవాలి. ఆ చోట కుంచెతో కాస్త నీళ్లు రాయండి. తడిగా ఉన్నప్పుడు తెలుపు మాయమై, ఆరగానే మళ్లీ వస్తే అది మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ మందంగా పడటమో, తేమలో పడటమో. దాని మీద గ్లాస్ (మెరిసే) వార్నిష్ ఒక పలుచటి పూత వేసి, ఆరాక పొడి రోజున మ్యాట్ మళ్లీ పలుచగా వేస్తే పోతుంది. రంగే పాలిపోయి ఉంటే అది లాకర్ రంగుకు చెమ్మ పట్టడం. థిన్నర్ త్వరగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగులో చిక్కుకుంటుంది. లెవెలింగ్ థిన్నర్ (నెమ్మదిగా ఆరే రకం) ఒక్కటే మంచుతుంపరలా పైన పడేలా పిచికారీ చేస్తే పొర మెత్తబడి తేమ వెళ్లిపోతుంది. గంజాం తీరంలో జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ బెడద తప్పదు. పాతిక ముప్ఫై పిచికారీల తర్వాత గాలి గొట్టంలోనూ నీళ్లు చేరతాయి, కంప్రెసర్‌కు మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే భాగం) లేనిదే మొదలుపెట్టకండి. చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచే పరికరం) కొనుక్కోండి, తేమ 70 శాతం దాటితే ఆ రోజు వరి నాటుకోండి.

పిచికారీకి 0.3 మి.మీ. నాజిల్, గాలి ఒత్తిడి 15 నుంచి 18 పీఎస్ఐ, టామియా అక్రిలిక్ ఒకటికి ఎక్స్-20ఏ థిన్నర్ ఒకటిన్నర. ఎక్స్ఎఫ్-62 ఆలివ్ డ్రాబ్ ముందు అంతటా, తర్వాత దానిలో అయిదో వంతు బఫ్ కలిపి పై పలకల నడుమ భాగాలకు. వల్లెహో కంపెనీ రంగులో ఆల్కహాల్ థిన్నర్ కలిపితే పెరుగు విరిగినట్టు గడ్డకడుతుంది, వాటిని కలపొద్దు. నంబర్లు, గుర్తులు ఫొటోలో చూసినవే వేయండి.

వాష్‌కు (సందుల్లో నీడ చూపే పలుచటి రంగు పూతకు) క్యామెల్ ఆయిల్ రంగు రా అంబర్ అట్టముక్క మీద గంటసేపు పిండితే నూనె అట్ట పీల్చేస్తుంది, మ్యాట్‌గా ఆరుతుంది. హార్డ్‌వేర్ షాపు టర్పెంటైన్ ఘాటుది. రంగు పడని ప్లాస్టిక్ మీద, ముఖ్యంగా వంచి అంటించిన చక్రాల ఇరుసుల దగ్గర పడితే రాత్రికి రాత్రి చిట్లుతుంది. అందుకే వాసనలేని మినరల్ స్పిరిట్ వాడండి, దాని కింద గ్లాస్ వార్నిష్ పూత ఉండాలి.

పొగమంచును దూదితో చూపించొద్దు. ఏ దూదీ 1/35లో మంచులా ఉండదు. మంచు పడిన ఉదయం బండి మీద దుమ్ము ఉండదు, పై పలకలు కొంచెం తడిగా మెరుస్తాయి, నీడలు మెత్తగా ఉంటాయి. కాబట్టి పైన సాటిన్ (కాస్త మెరిసే) వార్నిష్, ప్రక్కల మ్యాట్, హైలైట్లు తక్కువ. దుమ్ము కోసం చల్లే రంగుపొడి (పిగ్మెంట్) డబ్బా ఈ బొమ్మకు తెరవక్కర్లేదు.

సైనికులకు 1.72 మీటర్ల మనిషి 49 మి.మీ., 7.62 మి.మీ. ఎస్ఎల్ఆర్ రైఫిల్ దాదాపు 33 మి.మీ. రావాలి, కొని తెచ్చిన బొమ్మలను ఈ కొలతతో సరిచూడండి. 14 పంజాబ్ కాబట్టి ఒకరికైనా తలపాగా ఉంటే బాగుంటుంది. ఎపాక్సీ పుట్టీని టాల్కం చల్లిన గాజు మీద పలుచగా ఒత్తి, 2 మి.మీ. పట్టీలుగా కోసి, నుదుటి నడుమ ఒకదాని మీదొకటి ఏటవాలుగా కలిసేట్టు చుట్టండి. ఎమ్-సీల్ తొందరగా గట్టిపడుతుంది, ఒక పట్టీకి సరిపడా మాత్రమే కలపండి. కాళ్లకు గుచ్చే మేకుల బదులు ఇత్తడి తీగ వాడండి. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి ఇనుప మేకు తుప్పు పట్టి నేల మీదకు ఎర్రమరక వదులుతుంది.

అన్నీ ఆరాక చివరి బురద. మొదట చెప్పిన ముద్దలోనే ఫెవికాల్, నీళ్లు ఒక్కో పాలు పెంచి, నేల రంగు కలిపి పలుచన చేయండి. బండిని స్థానంలో పెట్టి, చక్రాలకు, చైనుకు, చైను కిందున్న గాడికి అదే గిన్నెలోంచి ఒకే కుంచెతో అద్దండి. చైనుకూ నేలకూ మధ్య వెలుతురు కనిపించే సందు ఎక్కడున్నా పూడ్చండి. దిమ్మ కింది నుంచి ఎమ్4 స్క్రూ ఒకటి ట్యాంకు అడుగున ఆరల్డైట్‌తో అంటించిన నట్టులోకి ఎక్కించి బిగించండి. విశాఖకో భువనేశ్వర్‌కో రైల్లో తీసుకెళ్లినా కదలదు.

నీళ్లు అన్నిటికన్నా ఆఖరు. కాలువ అడుగు, అంచులు రెండు పూతల వార్నిష్‌తో మూసేయండి. లేకపోతే మట్టిలోని గాలి బుడగలై రెజిన్‌లోకి లేస్తుంది, రెజిన్ థర్మకోల్ సందుల్లోకి జారుతుంది. డబ్బా మీదున్న పాళ్లను కంటితో కాక ఎలక్ట్రానిక్ తూకంతో కొలవండి. ఒక పోతకు 2 నుంచి 3 మి.మీ. మించొద్దు, మందంగా పోస్తే వేడెక్కి థర్మకోల్ కుంగుతుంది. 50 గ్రాములకు ఒకటి రెండు చుక్కల రా అంబర్ రంగు చాలు, కాలువ నీరు నిర్మలంగా ఉండదు. గడ్డి కాడల వెంట రెజిన్ పైకి పాకుతుంది, ఆరాక ఆ మెరుపు మీద మ్యాట్ వార్నిష్ సన్న కుంచెతో అద్దండి. వారం రోజులు దుమ్ము పడకుండా అట్టపెట్టె కింద ఆరనిచ్చాకే అక్రిలిక్ పెట్టె మూయండి. పెట్టె అడుగున వెనక వైపు 5 మి.మీ. కన్నాలు రెండు పెట్టించండి, లేకపోతే లోపలి చెమ్మ మొదటి వానాకాలానికే పలకల మీద ఆవిరై నిలుస్తుంది.